జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆర్సెనిక్ పరిశోధన బృందం

కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ కేంద్రంగా పనిచేసిన రసాయన శాస్త్రవేత్తల బృందం ఇది. గంగా మైదానంలోని తాగునీటి బోర్లలో ఆర్సెనిక్ ఎంత ఉందో, అందులో ఎంత మనుషుల ఒంట్లోకి చేరిందో 1988 నుంచి ఊరూరా తిరిగి లెక్కతేల్చింది. బృందానికి మూలస్తంభమైన దీపాంకర్ చక్రవర్తి 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. మన దేశంలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల ప్రజారోగ్యానికి ఇంత మేలు చేసిన సందర్భాలు అరుదు.

బెంగాల్ పల్లెలు ఒకప్పుడు చెరువు నీళ్లే తాగేవి. కలరా, విరేచనాల బాధ తప్పించాలని ప్రభుత్వాలూ యునిసెఫ్ వంటి సంస్థలూ చేతిపంపులు వేయించాయి. సాగు కోసం మోటారు బోర్లు కూడా పెరిగాయి. రోగక్రిములు తగ్గిన ఆ నీటిలో ఆర్సెనిక్ ఉందేమోనని పరీక్షించాలన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు. భూగర్భ జలమే జబ్బు తేవడం తెలుగు ప్రాంతాలకు తెలిసిన కష్టమే. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాల ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. బెంగాల్‌లో ఆర్సెనిక్ రోగులను 1983లో తొలిసారి గుర్తించినవారు కోల్‌కతా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ చర్మవ్యాధుల వైద్యులు కె.సి. సాహా. ఒంటి మీద వాన చినుకులు పడ్డట్టు నల్లని, తెల్లని మచ్చలు, అరచేతుల్లో అరికాళ్లలో గట్టి కాయలు, ఏళ్లు గడిచాక కొందరిలో చర్మ క్యాన్సర్: ఇవీ లక్షణాలు.

విదేశీ ప్రయోగశాలల్లో అనుభవం గడించిన చక్రవర్తి 1988లో ఈ పని చేపట్టారు. పద్ధతి చెప్పుకోవడానికి తేలిక, చేయడానికి ఓపిక కావాలి. నైట్రిక్ ఆమ్లంతో కడిగిన చిన్న ప్లాస్టిక్ సీసాలో పంపు నీళ్లు పట్టి, పాడవకుండా ప్రతి 10 మిల్లీలీటర్లకు ఒక చుక్క ఆమ్లం వేస్తారు. ప్రయోగశాలలో ఆ నీటికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే ఆర్సెనిక్ ఆర్సీన్ వాయువుగా మారుతుంది. దాన్ని వాహక వాయువు వేడి క్వార్ట్జ్ గొట్టంలోకి తోసుకెళ్తుంది. అక్కడ 193.7 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుందో చూసి, లీటరుకు కొద్ది మైక్రోగ్రాములున్నా పట్టేస్తారు. నీటితో పాటు ఊరివాళ్ల వెంట్రుకలు, గోళ్లు, మూత్రం కూడా సేకరించారు. ఈ బృందాన్ని మిగతావారి నుంచి వేరుచేసింది ఇదే. నీటి లెక్క ఒకచోట, రోగి లెక్క మరోచోట ఉండిపోకుండా రెండింటినీ ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో కలిపి చూశారు.

అన్ని చోట్లా కారణం నేలలోని ఆర్సెనిక్కే కాదు. కోల్‌కతా శివారు బెహాలాలో పారిస్ గ్రీన్ అనే ఆర్సెనిక్ పురుగుమందు తయారుచేసిన కర్మాగారం వ్యర్థాలు చుట్టుపక్కల ఇళ్ల బోర్లలోకి దిగాయి. దీనిపై బృందం 1993లో వ్యాసం ప్రచురించింది.

1995లో కోల్‌కతాలో బృందం జరిపిన అంతర్జాతీయ సదస్సుతో ఈ విషయం ప్రపంచం దృష్టికి వచ్చింది. అప్పటికే పశ్చిమ బెంగాల్‌లో ఆరు జిల్లాల్లో కాలుష్యం బయటపడింది. సరిహద్దు అవతల పరిస్థితి ఇంకా విషమం. ఢాకా కమ్యూనిటీ హాస్పిటల్‌తో కలిసి బంగ్లాదేశ్ జిల్లాల్లో నమూనాలు తీశారు. 1998లో రెండు సంస్థలూ ఢాకాలో సదస్సు జరిపాయి.

బంగ్లాదేశ్‌లో పరీక్ష కిట్లతో బావులు తనిఖీ చేసి, ప్రమాదకరమైన వాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ రంగు వేసేవారు. అవే బావుల నీటిని ప్రయోగశాలలో పరీక్షించి చూస్తే రంగులు చాలాచోట్ల తారుమారయ్యాయని బృందం 2002లో ప్రకటించింది. విషపు బావికి ఆకుపచ్చ రంగు పడితే ఆ కుటుంబం నిశ్చింతగా అదే నీళ్లు తాగుతుంది. ఈ విమర్శ అవసరమైనది, సకాలంలో వచ్చినది. ఆర్సెనిక్ తొలగించే యంత్రాలు అనుకున్నట్టు పనిచేయడం లేదని 2005లో చూపిందీ ఈ బృందమే.

2002లో బిహార్ భోజ్‌పూర్ జిల్లాలోని సెమరియా ఓఝా పట్టీలో ఇదే కాలుష్యం కనిపించింది. కాలుష్యం బెంగాల్ డెల్టాకే పరిమితమన్న భావన దాంతో చెదిరిపోయింది. తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని బలియా, జార్ఖండ్‌లోని సాహిబ్‌గంజ్ కూడా జాబితాలో చేరాయి.

ఆర్సెనిక్ నీటిలోకి ఎలా వస్తోందన్న దానిపై మాత్రం బృందం మొదటి వివరణ నిలవలేదు. సాగు కోసం నీటిని అతిగా తోడడంతో భూమిలోకి గాలి చేరి, ఆర్సెనిక్ ఉన్న పైరైటు ఖనిజం ఆక్సీకరణం చెందుతోందని వాళ్లు భావించారు. 1998లో నేచర్ పత్రికలో నిక్సన్, మెక్‌ఆర్థర్ తదితరులు దీనికి విరుద్ధమైన వాదన వినిపించారు. ఆక్సిజన్ లేని పొరల్లో ఇనుప ఆక్సైడ్లు కరిగి, వాటికి అంటిపెట్టుకున్న ఆర్సెనిక్ విడుదలవుతోందన్నారు. నేడు ఎక్కువమంది ఒప్పుకునేది ఈ రెండోదాన్నే. అయినా కొలతల విలువ తగ్గలేదు. కారణం ఏదైనా ఏ పంపు నీళ్లు తాగకూడదో చెప్పింది ఆ అంకెలే.

2009లో వెలువడిన 20 ఏళ్ల నివేదిక ప్రకారం, పశ్చిమ బెంగాల్ 19 జిల్లాల నుంచి తెచ్చిన 1,40,150 నమూనాల్లో 48.1 శాతంలో ఆర్సెనిక్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1993లో పెట్టిన పరిమితి అదే. 23.8 శాతంలో 50 మైక్రోగ్రాములు కూడా దాటింది.

బోరు మీద బోరు వేయడం మాని వాన నీరు, చెరువు నీరు, చేదబావి నీరు శుద్ధిచేసి వాడుకోవాలన్నది చక్రవర్తి చివరిదాకా చెప్పిన మాట. అన్నం దారిన వచ్చే ఆర్సెనిక్ సంగతిని ఆయన శిష్యుడు తరిత్ రాయ్‌చౌధురి పట్టించుకున్నారు. ముర్షిదాబాద్ జిల్లాలోని జలంగి, దోమ్‌కల్ బ్లాకుల్లో బియ్యం, కూరగాయల్లో ఆర్సెనిక్‌ను కొలిచి 2002 నుంచి వ్యాసాలు ప్రచురించారు. తర్వాత ఉప్పుడు బియ్యం మీదికి ఆ పరిశోధన మళ్లింది. కలుషిత నీళ్లలో వడ్లు నానబెట్టి ఉడికించినప్పుడు గింజలో ఆర్సెనిక్ పెరుగుతోందని తేలింది.