తక్కెడ మారిన నాడు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతము పసుపునకు పేరు పొందినది. పసుపును త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి, కొమ్మును మండను వేరుచేసి రైతులు అంగడికి తెత్తురు. అక్కడ తూచెడి దడువాయి, బస్తా మోసెడి హమాలీ, లెక్క వ్రాసెడి గుమాస్తా ఉందురు. పని పద్ధతి మారునన్నప్పుడు ముందుగా కలవరపడువారు వీరే. అందులకు కారణము మొండితనమేనా? చరిత్రను కొంత పరికింతము.

1957 ఏప్రిల్ 1న పదునారణాల రూపాయి నూరు నయాపైసలైనది. అణా విలువ ఆరుంబావు పైసలుగా తేలినది. 1956 నాటి తూనికల చట్టము 1958 అక్టోబరు నుండి దశలవారీగా అమలునకు వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి మెట్రిక్ తూనికలే చెల్లుబాటైనవి. ఎనుబది తులముల సేరు, నలువది సేర్ల మణుగు పోయి కిలో, క్వింటాలు వచ్చినవి. ఆ మణుగు కిలోలలో 37.324.

అణాపైసల ఎక్కములు కంఠస్థము చేసిన గుమాస్తా స్థితి నూహింతము. నిన్నటి నిపుణుడు నేడు మరల శిష్యుడు కావలసి వచ్చెను. పిన్నవారి యెదుట తడబడుట ఎవరికి ఇష్టము? ఇది యెరిగియే కాబోలు, ప్రభుత్వము పాత నాణెములను కొంతకాలము చెలామణిలో ఉంచి, మార్పిడి పట్టికలను ప్రచురించినది.

అమెరికాలో హార్వుడ్ పైజామా కర్మాగారమున జరిగిన పరిశోధనను కోచ్, ఫ్రెంచ్ అనువారు 1948లో ప్రకటించిరి. మార్పును ఆజ్ఞగా మాత్రమే వినిన బృందములో నలువది దినములలో నూటికి 17 మంది పని విడిచిరి. ఆలోచనలో పాలుపంచుకొనిన బృందములు త్వరలో తేరుకొనినవి. వానిలో ఒక్కరును పని మానలేదు.

2016 ఏప్రిల్ 14న ఎలక్ట్రానిక్ జాతీయ వ్యవసాయ విపణి ఆరంభమైనది. తొలి 21 మార్కెట్లలో నిజామాబాదు ఒకటి. దూరపు కొనుగోలుదారు పలికెడి ధర కూడ రైతునకు అందవలెనని దాని ఉద్దేశము. ఇట్టి మార్పు వచ్చినప్పుడు పనివాని మనసులో మూడు ప్రశ్నలు మెదలును: నా కూలి యేమగును? నా నేర్పు యేమగును? నన్నెవరైనను అడిగిరా?

ప్రతి అభ్యంతరమును న్యాయమైనదని మేము చెప్పుట లేదు. తూకములోని అస్పష్టతతో లాభపడువారును ఉందురు. వారి కొరకు రైతు నష్టపోరాదు. కాని కూలికై భయపడువానిని, మోసమునకై మారనివానిని ఒకే గాట కట్టుట తగదు. క్రొత్త యంత్రము అంగడికి రాకముందే దడువాయిని పిలిచి చూపి, గుమాస్తాకు నేర్పి, హమాలీ కూలి సంగతి తేల్చి చెప్పినచో, ఆ తేడా దానంతట అదియే బయటపడును.