ముద్దర

అనంతపురం కరువుసీమలో ముద్దర వేయడమంటే ఒకప్పుడు పశువు తొడ మీదో, శిస్తు తేలేదాకా కళ్లంలోని ధాన్యపురాశి మీదో. సంస్కృత ‘ముద్ర’కు మన నోట నలిగిన రూపమది. ముద్రిక అంటే ఉంగరం. లక్క మీద నొక్కితే ఎవరి సొత్తో తేలేది. విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’లో మంత్రి రాక్షసుడి కొంప ముంచింది అలాంటి ఉంగరమే. మనిషికి ‘ముద్ర పడింది’ అంటే మాత్రం మంచిమాట కాదు.

ఇప్పుడు పెనుకొండ పక్కన ఎర్రమంచిలో ముద్దర ఇనుము మీద పడుతోంది. 2019 నుంచి కియా కార్లు అక్కడ తయారవుతున్నాయి. కారుకో చాసిస్ నంబరు, 17 అక్షరాలూ అంకెలూ. ఐ, ఓ, క్యూ వాడరు. ఒకటితో, సున్నాతో తికమకపడతామని. చీటీ చినుగుతుంది, రంగు రాలుతుంది, లోహంలోకి దిగిన గాటు నిలుస్తుంది. రిజిస్ట్రేషన్, బీమా, దొంగబండి విచారణ అన్నీ దాన్ని పట్టుకునే. కంప్యూటర్లో చిట్టా ఎంతున్నా తాళంచెవి ఈ గాటే.

నాకు ముచ్చటగా తోచేది రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు అడిగే పెన్సిల్ ప్రింటు. నంబరు మీద కాగితం ఆనించి పెన్సిల్ రుద్దుతారు. ఇనుము మీది ముద్దర మళ్లీ కాగితం మీదికి దిగుతుంది.