చిందు భాగోతంలో హాస్యం: ఒక సమష్టి సృజన

ఈ భాగం చదివిన తర్వాత మీరు చిందు ప్రదర్శనలో హాస్యం స్థానాన్ని వివరించగలుగుతారు. రాతలో లేని కళను చరిత్రకారులు ఎలా అధ్యయనం చేయాలో గ్రహించగలుగుతారు.

1. పరిచయం

నిజామాబాద్ పట్టణంలోని కంఠేశ్వర్‌కు ఆ పేరు నీలకంఠేశ్వరాలయం వల్ల వచ్చింది. ఆలయం రాతి కట్టడంగా మన కళ్ల ముందే ఉంది. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన నిజాం చక్కెర కర్మాగారానికి దస్త్రాలు ఉన్నాయి. మంజీరాపై 1923, 1931 మధ్య కట్టిన నిజాంసాగర్‌కు ఆనకట్టే సాక్ష్యం. కానీ ఇదే ప్రాంతపు పల్లెల్లో రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టిన నవ్వుకు సాక్ష్యం ఏది? ఆ నవ్వును పుట్టించినవారిలో చిందు కళాకారులు ముఖ్యులు.

2. చిందు మేళం స్వరూపం

చిందువారు మాదిగలకు ఆశ్రిత కులం. తమ వంతుకు వచ్చిన గ్రామాల్లో ప్రదర్శనలిచ్చి ప్రతిఫలం పొందే హక్కు వారికి వంశపారంపర్యంగా వచ్చేది. మేళం అంటే సాధారణంగా ఒక కుటుంబమే. భర్త వేషం కడితే భార్య మరో వేషం కడుతుంది. ఒకరు మద్దెల వాయిస్తే మరొకరు తాళం పడతారు, మిగిలినవారు వంత పాడతారు. పిల్లలు చూస్తూ నేర్చుకుని చిన్న వేషాలతో రంగంలోకి దిగుతారు. స్త్రీ వేషాలను కూడా పురుషులే కట్టిన కళారూపాలు మనకు అనేకం ఉన్నాయి. చిందులో మాత్రం స్త్రీలు రంగం మీదికి వచ్చారు.

బోధన్ మండలం అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆమె పురుష పాత్రలను సైతం మెప్పించేలా పోషించారు. 2005లో మరణించారు. ఆమె జీవితకథను పరిశోధకుడు కె. ముత్యం సేకరించి పుస్తకంగా తెచ్చారు. ఇటీవల 2024లో జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ లభించింది.

3. హాస్యం ఎలా పుడుతుంది?

రాత్రంతా సాగే ఆటలో నవ్వు లేకపోతే జనం నిద్రలోకి జారుకుంటారు. అందువల్ల రాజు, రాణి, మునుల మధ్య బుడ్డర్‌ఖాన్ వంటి హాస్య వేషాలు ప్రవేశిస్తాయి. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పని ఇటువంటిదే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. నవ్వించే పాత్ర ఒంటరిగా నవ్వించలేదు. ఎదుటివాడు అమాయకంగా ప్రశ్న వేయాలి, ఆ ప్రశ్న సమయానికి పడాలి, మద్దెల దెబ్బ దాన్ని అందుకోవాలి. బుర్రకథలో ఈ పని విభజన స్పష్టంగా కనిపిస్తుంది: మధ్యలో కథకుడు, ఒక పక్క రాజకీయ వంత, మరో పక్క హాస్య వంత. కథకుడు కథను నడుపుతాడు, హాస్య వంత మాటకు మాట అందిస్తాడు. ఒకరు తప్పుకుంటే ఇద్దరి మాటా చప్పబడిపోతుంది.

బోధన్ ప్రాంతంలో మరో వనరు భాష. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ చెవినపడే సరిహద్దు నేల ఇది. చెరకు సాగు కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతులూ ఉన్నారు. ఒకరి మాట మరొకరికి వేరుగా వినబడడమే ఇటువంటి చోట హాస్యానికి ముడిసరుకు.

4. నవ్వు ఎవరి మీద?

జాంబపురాణం చిందువారి ముఖ్య కథ. అందులో బ్రాహ్మణ పాత్ర ప్రశ్నిస్తుంది, జాంబవముని సమాధానం చెబుతాడు. సృష్టికి ముందే ఉన్నవాడు జాంబవుడని చెప్పడం ద్వారా, ఊరి చివర ఉంచిన కులం తానే అందరికంటే మొదటిదని వాదిస్తుంది. ఈ వాదం గంభీర ఉపన్యాసంగా కాక సంవాదంగా, ఎత్తిపొడుపుగా సాగుతుంది. పగలు పటేలు ముందు నోరెత్తలేని మనిషి రాత్రి వేషం కట్టి అదే ఊరి నడుమ మాట్లాడగలిగాడు. వేషం అతనికి రక్షణ, నవ్వు అతనికి అనుమతి.

తలకు టోపీ, చేతిలో కొయ్య తుపాకీతో వచ్చి గొప్పలు చెప్పే పిట్టలదొరను గుర్తు చేసుకోండి. అక్కడా జనం నవ్వేది వేషగాడిని చూసి మాత్రమే కాదు, అతను అనుకరించే అధికారాన్ని చూసి.

అయితే ఈ స్వేచ్ఛను అతిగా అంచనా వేయరాదు. తెల్లవారితే కళాకారుడు ప్రతిఫలం కోసం గ్రామం మీదే ఆధారపడాలి. ఎంతవరకు అనవచ్చో తెలిసి ఉండడం కూడా అతని విద్యలో భాగమే.

5. చరిత్రకారుడికి ఎదురయ్యే సమస్య

యక్షగాన ప్రతుల్లో పద్యాలు, దరువులు నిలిచాయి. హాస్యం చాలావరకు అప్పటికప్పుడు, ఎదుట కూర్చున్నవారిని బట్టి పుట్టింది కనుక ప్రతికి ఎక్కలేదు. ప్రతిని మాత్రమే చదివితే కథ దక్కుతుంది, ఊరు దక్కదు. పురస్కారాలు సైతం వ్యక్తులకే వస్తాయి. ప్రశ్న అందించిన వంతగాడి పేరు, తాళం వేసిన ఇల్లాలి పేరు సాధారణంగా ఎక్కడా కనబడవు. కాబట్టి కళాకారుల జ్ఞాపకాలను, ప్రేక్షకుల జ్ఞాపకాలను కలిపి నమోదు చేయడం అవసరం. ఆట చూసిన వృద్ధులు మీ ఊరిలో ఉంటే వారే మీ మొదటి ఆధారం.

6. సారాంశం

చిందు భాగోతంలో హాస్యం కథకు అలంకారం కాదు, ఆటను నిలబెట్టే పని. అది మేళం అంతా కలిసి, ప్రేక్షకుల తోడుతో చేసే సృజన. అణగారిన కులం తన మాట చెప్పుకున్న మార్గాల్లో అది ఒకటి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బుర్రకథలో హాస్య వంత పాత్ర ఏమిటి?
2. చిందు హాస్యం లిఖిత ప్రతుల్లో ఎందుకు తక్కువగా కనిపిస్తుంది?
3. మీ ప్రాంతంలో భాగోతం చూసిన ఒక పెద్దమనిషిని కలిసి, వారికి గుర్తున్న హాస్య సన్నివేశాన్ని 10 వాక్యాల్లో రాయండి. అందులో ఎవరెవరు పాల్గొన్నారో పేర్కొనండి.