పంపు: ఓడలో పుట్టిన మాట

‘పంపు నీళ్లు పంపడం లేదు’ అంటే శ్లేషలా వినిపిస్తుంది కానీ, ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదు. పంపడం మన సొంత క్రియ. పాత తెలుగులో ‘పంపు’ అంటే ఆజ్ఞ కూడా. నీళ్ల పంపు మాత్రం ఇంగ్లీషు నుంచి వచ్చింది. ఆ భాషలో అది 15వ శతాబ్దంలో ఓడ అడుగున చేరిన నీటిని తోడే సాధనం పేరుగానే కనిపిస్తుంది. ఉత్తర సముద్రపు నావికుల నోట పుట్టిందంటారు. అంటే మన పొలంలోని పంపుసెట్టుకు పుట్టిల్లు ఓడే!

ఇప్పటి బోటు ఇంజన్‌లో పంపు పని తిరగబడింది. నీటిని బయటి నుంచి లోపలికి లాగి ఇంజన్‌ను చల్లబరచాలి. అందులో తిరిగే రబ్బరు రెక్కల చక్రమే ఇంపెల్లర్; నెట్టడం అనే లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు. దానికి తడే ప్రాణం. నీళ్లు లేకుండా తిప్పితే కాసేపట్లోనే రెక్కలు మాడిపోతాయి. ఇసుక నీరు మెల్లగా అరగదీస్తుంది. నెలల తరబడి బోటు కదలకపోతే రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుంటాయి.

పడవ వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ పక్కన పడే నీటి ధార సన్నగిల్లితే, పంపు నీళ్లు సరిగా లాగడం లేదేమో; వెంటనే ఇంజన్ ఆపండి. రెక్క విరిగి ఉంటే కొత్తది వేసి ఊరుకోకండి. విరిగిన ముక్క నీటి దారిలో ఎక్కడో అడ్డం పడి ఉంటుంది, అది దొరికేదాకా వెతకండి.