ఆంగ్ల భాషలో భూతకాలం

ఆంగ్ల భాషలో జరిగిపోయిన పనిని తెలిపే క్రియారూపాలను భూతకాల క్రియలు అంటారు. ఇవి కొన్నిచోట్ల ఒకే పదంగాను, కొన్నిచోట్ల సహాయక క్రియలతో కూడిన క్రియా పదబంధంగాను ఉంటాయి. తెలుగు మాతృభాషగా గలవారు ఆంగ్లం నేర్చుకొనేటప్పుడు తడబడే అంశాలలో ఇది ముఖ్యమైనది. తెలుగులో "వచ్చాడు" అనే ఒక్క రూపం చెప్పగల అర్థాలను ఆంగ్లం "కేమ్", "హాజ్ కమ్", "హాడ్ కమ్" అని మూడుగా విడదీయడమే ఇందుకు కారణం.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంటకు సంబంధించినవి. విజయవాడ - గూడూరు రైలు మార్గంలో కావలి, నెల్లూరుల మధ్య ఉన్న ఈ ఊరు ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుకు పేరుపొందింది.

క్రియా పదబంధ నిర్మాణం

ఆంగ్ల పదబంధంలో సహాయక క్రియలు ముందు, ప్రధాన క్రియ చివర వస్తాయి. తెలుగులో ఈ వరుస తిరగబడుతుంది. "వెళుతూ ఉన్నాడు" అన్నప్పుడు ప్రధాన క్రియ ముందుంది, సహాయక క్రియ చివర ఉంది. కాలాన్ని ఆంగ్లంలో మొదటి పదం మోస్తుంది, తెలుగులో చివరి పదం మోస్తుంది. రెండు భాషలలోనూ కాలం ఒక్కచోటనే చూపబడుతుంది.

వ్యతిరేకార్థం

"హి డిడ్ నాట్ కేమ్" అనడం అభ్యాసకులలో తరచుగా కనిపించే పొరపాటు. "హి డిడ్ నాట్ కమ్" అనేదే సరైనది. "డిడ్" భూతకాలాన్ని తెలుపుతున్నందున "కమ్" మూలరూపంలోనే ఉంటుంది. ఈ నియమం తెలుగువారికి కొత్తది కాదు. "వచ్చాడు" అనే క్రియకు వ్యతిరేకార్థం "రాలేదు". ఇందులో "రా" కు కాల ప్రత్యయం లేదు, "లేదు" చేరడం వలననే భూతార్థం కలుగుతున్నది. "వచ్చాలేదు" అని ఎవరూ అనరు. ప్రశ్నలలో కూడా "డిడ్ హి కమ్" అని మూలరూపమే వాడాలి.

మూడు రూపాల మధ్య భేదం

* సామాన్య భూతం: పని జరిగిన సమయం గతంలో ముగిసిపోయినప్పుడు వాడతారు. "ద ట్రెయిన్ లెఫ్ట్ బిట్రగుంట ఎట్ సిక్స్" అంటే రైలు ఆరు గంటలకు బిట్రగుంట నుండి బయలుదేరింది అని అర్థం.
* "హాజ్" లేదా "హావ్" తో కూడిన రూపం: గతంలో జరిగిన పనికి ఇప్పటి స్థితితో సంబంధం ఉన్నప్పుడు వాడతారు. "ద ట్రెయిన్ హాజ్ లెఫ్ట్" అంటే రైలు వెళ్ళిపోయింది, ఇప్పుడు స్టేషనులో లేదు. దీనికి "యెస్టర్డే", "ఎట్ సిక్స్" వంటి గతకాల పదాలు చేర్చరాదు.
* "హాడ్" తో కూడిన రూపం: గతంలోని ఒక సంఘటన కంటే ముందే మరొకటి జరిగిందని చెప్పడానికి వాడతారు. పోల్చడానికి రెండవ సంఘటన లేనప్పుడు "ఐ హాడ్ గాన్ దేర్ యెస్టర్డే" అనకుండా "ఐ వెంట్ దేర్ యెస్టర్డే" అనాలి.

"హాడ్" ఉన్నప్పుడు, లేనప్పుడు అర్థం ఎంతగా మారుతుందో ఈ రెండు వాక్యాలలో చూడవచ్చు.

1. "వెన్ ద సిగ్నల్ టర్న్‌డ్ రెడ్, ద ట్రెయిన్ హాడ్ పాస్‌డ్ ఇట్."
2. "వెన్ ద సిగ్నల్ టర్న్‌డ్ రెడ్, ద ట్రెయిన్ పాస్‌డ్ ఇట్."

మొదటి వాక్యం ప్రకారం సిగ్నల్ ఎరుపయ్యేసరికే రైలు దాటిపోయింది. రెండవది సిగ్నల్ ఎరుపైనప్పుడు గాని, ఆ వెంటనే గాని రైలు దాటిందనే అర్థాన్నిస్తుంది. మొదటి వాక్యంలో డ్రైవరుపై తప్పు లేదు, రెండవ దానిలో తప్పు అతనిపై పడుతుంది. తెలుగు ఈ వరుసను "అయ్యేసరికి", "అయిన తరువాత" వంటి అసమాపక రూపాలతో చూపుతుంది. ఆంగ్లంలో ఆ పనిని "హాడ్" చేయగలదు. అందువలన వాంగ్మూలాలు, నివేదికలు ఆంగ్లంలోకి మార్చేటప్పుడు ఈ భేదాన్ని గమనించడం అవసరం.

అలవాటు, కొనసాగింపు

గతంలోని అలవాటును, స్థితిని తెలుగులో "వచ్చేవాడు", "ఉండేది" వంటి రూపాలు తెలుపుతాయి. వీటికి ఆంగ్లంలో "యూజ్డ్ టు" వాడతారు. "బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది" అనడానికి "దేర్ యూజ్డ్ టు బి ఎ స్టీమ్ షెడ్ ఎట్ బిట్రగుంట" అనాలి. "పదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను" అనే వాక్యంలో తెలుగు క్రియ వర్తమానమే. ఆంగ్లంలో మాత్రం "ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్" అనాలి, "ఐ యామ్ లివింగ్" అనరాదు.

క్రమరహిత క్రియలు

"గో" కు భూతరూపం "వెంట్". ఇది నిజానికి "వెండ్" అనే వేరొక క్రియ యొక్క భూతరూపం. తెలుగులో "వచ్చు" అనే క్రియకు "వచ్చాడు", "రాలేదు" అని రెండు వేర్వేరు మూలాలు కనిపించడం దీనితో పోల్చదగినది. ఇటువంటి రూపాలకు సూత్రం లేదు, వాడుకతోనే అలవడతాయి.

వ్యాకరణ గ్రంథాలు

రెండు భాషల క్రియలను ఎదురెదురుగా పరిశీలించడానికి, ఆంగ్లేయుల కోసం ఆంగ్లంలో వ్రాయబడిన తెలుగు వ్యాకరణాలు ఉపయోగపడతాయి. ఎ. డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో, సి. పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వెలువడ్డాయి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ కలిసి రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం 1985లో ప్రచురితమైంది. ఆంగ్ల బోధనకై 1958లో హైదరాబాదులో నెలకొల్పిన కేంద్ర సంస్థ 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారింది.

ఇవి కూడా చూడండి

* తెలుగు వ్యాకరణం
* సహాయక క్రియ
* బిట్రగుంట