క్యామ్ గ్రైండర్లు, గేరు పళ్లు: ఒక వృత్తి చరిత్ర

అమెరికాలో పందెపు ఇంజన్ల చరిత్ర రాసేవారు క్యామ్‌షాఫ్ట్ ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా దాని లోబ్‌ల ఆకృతి గురించే విస్తరించి చెప్పి, అదే కడ్డీ మీద ఒక పక్కన కోసి ఉండే చిన్న గేరును ఒక వాక్యంతో దాటవేస్తారు. కానీ లాస్ ఏంజిల్స్ పరిసరాలలో రూపుదిద్దుకున్న క్యామ్ గ్రైండింగ్ వృత్తిని ఆ గేరు పక్కనుంచి చూసినప్పుడే, లోబ్‌ను ఎంచుకోవడమూ గేరును ఎంచుకోవడమూ ఒకే నిర్ణయమని ఆ వృత్తిలోనివారు ఎందుకు ఆలస్యంగా గుర్తించవలసి వచ్చిందో బోధపడుతుంది.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద వాల్వుకు ఒకటి చొప్పున, కోడిగుడ్డు కొనలా ఒకవైపుకు ఉబ్బి ఉండే భాగాలే లోబ్‌లు. లోబ్ వాల్వును ఎంత ఎత్తుకు లేపుతుందో అది లిఫ్ట్. ఎంతసేపు తెరచి ఉంచుతుందో క్రాంక్‌షాఫ్ట్ డిగ్రీలలో చెబితే అది డ్యూరేషన్. డ్యూరేషన్ పెరిగితే ఎక్కువ వేగంలో సిలిండర్లు బాగా నిండుతాయి గాని, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరచి ఉండే వ్యవధి కూడా దానితోపాటే పెరిగి, తక్కువ వేగంలో ఇంజన్ తడబడుతుంది, లాగుడు తగ్గుతుంది. కనుక బండి బరువు, కంప్రెషన్ నిష్పత్తి, వెనుక యాక్సిల్ గేరు నిష్పత్తి చూడకుండా పెద్ద క్యామ్‌ను ఎంచుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే పాత పొరపాటు.

ఈ వృత్తికి ఆద్యుడిగా చెప్పదగినవాడు ఎడ్ విన్‌ఫీల్డ్. 1901లో పుట్టిన ఆయన చిన్న వయసులోనే పందెపు కార్ల నిర్మాత హ్యారీ మిల్లర్ కార్ఖానాలో పనిచేసి, కార్బురేటర్ల తయారీలో పేరు తెచ్చుకుని, పందెపు కార్లకు క్యామ్‌లను కూడా సాన పట్టి ఇచ్చేవాడు. 1932లో ఫోర్డ్ కంపెనీ 221 ఘనపుటంగుళాల, 65 హార్స్‌పవర్ గల వి-8 ఇంజన్‌ను సామాన్యుడికి అందే ధరలో విడుదల చేయడంతో, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద వేగ పరీక్షలకు దిగే యువకులకు చవకైన ముడిసరుకు దొరికింది.

గ్రైండర్లు అప్పట్లో కొత్త క్యామ్‌షాఫ్ట్‌ను తయారు చేసేవారు కాదు. ఫోర్డ్ పోతపోసి ఇచ్చిన దానికే మళ్లీ సాన పట్టేవారు. యంత్రంలో మాస్టర్ అనే నమూనా లోబ్ ఒక రోలర్‌కు ఆనుకుని తిరుగుతుంటే, దానితోపాటే తిరిగే క్యామ్‌షాఫ్ట్‌ను మోసే బల్ల ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ఎదురుగా ఉన్న సానచక్రం ఆ ఊపు ప్రకారం లోహాన్ని అరగదీసి మాస్టర్ ఆకృతినే క్యామ్ మీదికి దింపుతుంది. సానచక్రం అరిగి వ్యాసం తగ్గేకొద్దీ లోబ్ పార్శ్వాల ఆకృతి కూడా కొద్దిగా మారిపోతుంది కాబట్టి, ఒకే మాస్టర్‌తో కోసిన రెండు క్యామ్‌లు అచ్చంగా ఒకే రకంగా రావాలంటే పనివాడి చెయ్యీ కన్నూ రెండూ నిదానంగా ఉండాలి. సానతో లోహాన్ని తీయగలరే గాని చేర్చలేరు. అందుచేత లిఫ్ట్ పెంచాలంటే లోబ్ కొనను అలాగే వదిలి, దాని అడుగు వృత్తాన్ని తగ్గించడమే మార్గం. అడుగు తగ్గితే, లోబ్ కదలికను వాల్వుకు అందించే ట్యాపెట్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. ఫోర్డ్ ట్యాపెట్లకు సర్దుబాటు మర లేదు గనుక, సర్దుకునే ట్యాపెట్లు విడిగా కొనవలసి వచ్చేది. లోబ్ కొసన గట్టి లోహాన్ని వెల్డింగ్‌తో పూసి సాన పట్టే పద్ధతి తరువాతి కాలంలో వచ్చింది.

ఈ పనిలో గ్రైండర్ ముట్టుకోనిది ఒక్కటే: గేరు. ఫోర్డ్ ఇంజన్‌లో క్యామ్ వెనుక కొసన ఆయిల్ పంపును నడిపే గేరు కర్మాగారంలో ఎలా కోశారో అలాగే ఉండేది. స్పార్కును పంచే డిస్ట్రిబ్యూటర్ 1948 వరకు క్యామ్ ముందు కొసకే నేరుగా అమరి ఉండేది కాబట్టి దానికి ప్రత్యేకంగా గేరు అవసరమే లేదు. లోబ్ గ్రైండర్‌ది, గేరు కర్మాగారానిది అన్న ఈ పని విభజన రాయని కట్టుబాటుగా స్థిరపడింది. గేరు విషయంలో ఆ తరంవారు అజ్ఞానులని దీనిని బట్టి నిందించడం న్యాయం కాదు, ఎందుకంటే పోత ఇనుప క్యామ్‌కు దానికి సరిపడే గేరును కర్మాగారమే జతచేసి ఇచ్చినంతకాలం అందులో ఆలోచించవలసింది పెద్దగా లేదు.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత సైన్యంనుంచి తిరిగొచ్చిన యువకుల వల్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. విన్‌ఫీల్డ్ పనితనం చూసి స్ఫూర్తి పొందిన ఎడ్ ఇస్కెండేరియన్, ఆర్మీనియన్ వలస కుటుంబపు బిడ్డ, మామూలు సిలిండ్రికల్ గ్రైండింగ్ యంత్రాన్ని క్యామ్‌లకు పనికివచ్చేలా మార్చుకుని 1946లో సొంత వ్యాపారం మొదలుపెట్టాడు. లాంగ్ బీచ్‌లో పేరు పొందిన క్లే స్మిత్ 1954లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని డు క్వోయిన్ పందెంలో పిట్ ప్రమాదంలో మరణించడం ఆ తరానికి పెద్ద దెబ్బ. ఫ్లోరిడాలో 1953లో సంస్థను స్థాపించిన హార్వీ క్రేన్ చేసిన మేలు వేరొక రకమైనది: తయారీదారులు తమకు తోచిన బిందువునుంచి డ్యూరేషన్ లెక్కించి ప్రకటించడంతో అంకెలను పోల్చడం కుదరని రోజులలో, ట్యాపెట్ 0.050 అంగుళం లేచిన చోటినుంచే కొలవాలన్న పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. కొనుగోలుదారుడు రెండు క్యామ్‌లను సరిపోల్చి ఎంచుకోగలగడం నిజానికి అప్పటినుంచే సాధ్యమైంది.

1955లో షెవ్రొలె సంస్థ 265 ఘనపుటంగుళాల వి-8 ఇంజన్‌ను విడుదల చేసింది. 1956 ఆరంభంలో ఆ సంస్థ ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ తాను రూపొందించిన క్యామ్‌తో కార్వెట్ కారును డేటోనా బీచ్‌లో గంటకు 150 మైళ్లు దాటించిన తరువాత, ఈ ఇంజన్ ఫోర్డ్ స్థానాన్ని ఆక్రమించింది. అయితే దీనిలో డిస్ట్రిబ్యూటర్ వెనుక భాగంలో నిలువుగా దిగి, క్యామ్ మీది ఏటవాలు పళ్ల గేరుతో కలుస్తుంది. ఆ డిస్ట్రిబ్యూటర్ కడ్డీ అడుగు కొసే మరొక కడ్డీ ద్వారా ఆయిల్ పంపును తిప్పుతుంది. అంటే నిప్పూ నూనే రెండూ పదమూడేసి పళ్లున్న రెండు చిన్న గేర్ల మీద ఆధారపడ్డాయి. ఒకదానికొకటి అడ్డంగా ఉండే కడ్డీలను కలిపే ఇటువంటి గేర్లలో పన్ను పన్నును వెడల్పుగా కాక ఒక బిందువు దగ్గర తాకి, జారుతూ ముందుకు సాగుతుంది. పళ్ల సంఖ్య సమానం కాబట్టి ప్రతి పన్నుకూ ఎప్పుడూ అదే జోడీ. నిమిషానికి 7000 చుట్ల వేగంలో ఆ జోడీ నిమిషానికి 3500 సార్లు తాకుతుంది. పైగా లోబ్ వాల్వు స్ప్రింగును నొక్కేటప్పుడు క్యామ్ వెనక్కి లాగబడి, స్ప్రింగు విడిచేటప్పుడు ముందుకు నెట్టబడుతుంది గనుక, స్ప్రింగులు గట్టివయ్యేకొద్దీ పళ్ల మీద సుత్తి దెబ్బల వంటి తాకిడి పడుతుంది.

అసలు చిక్కు లోహంతో వచ్చింది. 1950ల ఆరంభంలో చెట్ హెర్బర్ట్, హార్లీ-డేవిడ్‌సన్ మోటారుసైకిళ్లలోని రోలర్ ట్యాపెట్ల స్ఫూర్తితో కార్లకు రోలర్ క్యామ్‌లు తెచ్చాడు. చదునైన అడుగున్న ట్యాపెట్ లోబ్ మీద ఒరుసుకుంటూ పోతే, రోలర్ దొర్లుతూ పోతుంది కాబట్టి లోబ్‌ను మరింత నిటారుగా కోయవచ్చు. కానీ రోలర్ తాకే చోటు సన్నని గీతంత కావడంతో ఆ ఒత్తిడికి మామూలు పోత ఇనుము నిలవదు. పైపొరకు కార్బన్ ఎక్కించి గట్టిపరచిన ఉక్కు కడ్డీ కావాలి. ఆ కడ్డీ మీదనే గేరు కూడా కోస్తారు గనుక, గేరు బాధ్యత మొదటిసారిగా గ్రైండర్ చేతికి వచ్చింది. గట్టి ఉక్కు పళ్లతో కర్మాగారపు పోత ఇనుప డిస్ట్రిబ్యూటర్ గేరు కలిస్తే, ఇనుప పళ్లు త్వరగా తరిగి కత్తి అంచుల్లా పలచబడతాయి. అలా అరుగుతున్నకొద్దీ స్పార్కు సమయం జరిగి, టైమింగ్ లైటులో గుర్తు నిలకడ లేకుండా కదులుతుంది, ఇనుప రజను నూనెలో కలిసి బేరింగుల దాకా చేరుతుంది. పళ్లు పూర్తిగా తెగితే స్పార్కు కూడా ఆగుతుంది కాబట్టి ఇంజన్ వెంటనే నిలిచిపోయి కొంత బతుకుతుంది. నెమ్మదిగా అరగడమే నిజమైన ప్రమాదం.

దీనికి వృత్తి కనుగొన్న పరిష్కారం అల్యూమినియం కలిపిన కంచు గేరు. అది ఉక్కు కంటే మెత్తనిది గనుక క్యామ్‌ను కాపాడి తానే అరిగిపోతుంది. పందేలలో తరచూ విప్పి చూసుకునే ఇంజన్‌కు అది తగినదే గాని, రోజూ రోడ్డు మీద తిరిగే బండికి నప్పదు. రోలర్ క్యామ్‌తో ఇంకొక సమస్య కూడా ఉంది: చదును ట్యాపెట్ క్యామ్‌లో లోబ్ ముఖానికి ఉండే స్వల్పమైన వాలు క్యామ్‌ను వెనక్కి నొక్కి ఉంచుతుంది, రోలర్ లోబ్‌కు ఆ వాలు లేదు కాబట్టి, ముందు కొసన బటన్ అనే అడ్డు ముక్కతో ఆపకపోతే క్యామ్ ముందుకూ వెనక్కూ నడిచి గేరు కలయికనే మార్చేస్తుంది. శ్రద్ధగల మెకానిక్ పళ్లకు రంగు పూసి, చేత్తో తిప్పి, గుర్తు పన్ను మధ్యలో పడుతోందా లేదా అని చూస్తాడు. డిస్ట్రిబ్యూటర్ గొట్టం అడుగు పట్టీలో సన్నని గాడి ఆకురాయితో కోసి, నూనె చిమ్ము నేరుగా పళ్ల మీద పడేలా చేస్తాడు. అవసరం లేకున్నా పెద్ద ఆయిల్ పంపు బిగించి, చలిలో చిక్కని నూనెతో ఇంజన్‌ను గట్టిగా తిప్పడం ఈ జాగ్రత్తలన్నిటినీ వమ్ము చేస్తుంది.

ఫోర్డ్ 1985లో మస్టాంగ్ 5.0 ఇంజన్‌కు, షెవ్రొలె మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1987లో తమ చిన్న వి-8కు కర్మాగారంలోనే రోలర్ ట్యాపెట్లు అమర్చినప్పుడు, డిస్ట్రిబ్యూటర్ గేరును కూడా క్యామ్ లోహానికి తగినట్టు మార్చాయి. 2004లో వచ్చిన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఏపీఐ) ఎస్‌ఎం ప్రమాణం సాధారణ ఇంజన్ నూనెలలో అరుగుదలను అడ్డుకునే ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి పరిమితం చేసిన తరువాత, చదును ట్యాపెట్ల మీద బెంగపడిన పాత ఇంజన్ల యజమానులు పెద్ద సంఖ్యలో రోలర్ క్యామ్‌లకు మారారు. ఆ మార్పుతోపాటే గేరు సరిపోని సమస్య పందెపు శాలలు దాటి మామూలు గ్యారేజీలకు చేరింది.

1997 నాటి కార్వెట్‌లో వచ్చిన ఎల్‌ఎస్1 ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటరే లేదు. ఆయిల్ పంపును క్రాంక్‌షాఫ్ట్ నేరుగా తిప్పుతుంది. అయినా పాత వి-8లను ఇప్పటికీ కడుతున్నారు గనుక, ఉక్కు కడ్డీ వెనుక కొసన పోత ఇనుప గేరును విడిగా బిగించిన క్యామ్‌షాఫ్ట్‌లను తయారీదారులు అమ్ముతున్నారు. వాటితో కర్మాగారపు ఇనుప డిస్ట్రిబ్యూటర్ గేరునే వాడుకోవచ్చు.