గ్లాస్గో స్త్రీలు, ఇంటి అద్దె

ప్రభుత్వము పేదలకు ఇండ్లు కట్టించుట దయాధర్మమని కొందఱు తలంతురు. బ్రిటనులో ఈ పద్ధతికి మొదలు గృహిణుల మొండిపట్టు.

1915లో గ్లాస్గో నగరపు ఓడల కార్ఖానాలకును ఆయుధశాలలకును వేలకొలది పనివారు వచ్చి చేరిరి. ఇండ్లు చాలవయ్యెను. పురుషు లనేకులు యుద్ధమునకుఁ బోయియుండఁగా ఇండ్ల యజమానులు అద్దెలు పెంచిరి. అప్పుడు గోవను పేటలో మేరీ బార్బర్ అను గృహిణి ఇరుగుపొరుగు స్త్రీలను గూడఁగట్టెను. పాత అద్దె యిత్తుము, పెంచినది ఈయమని వారు నిలిచిరి. ఇల్లు ఖాళీ చేయింప అమీనాలు వచ్చినప్పుడు ఒకతె గంట మ్రోగించును. తక్కినవారు చేతిపని విడిచి వచ్చి, మెట్లకడ్డుగా నిలిచి, పిండిపొట్లములు విసరుదురు. అంతకంటె పదునైన ఆయుధము వారికి అక్కఱలేకపోయెను! నవంబరు నాటికి సుమారు 20,000 కుటుంబము లిందులోఁ జేరెను. 17వ తేదీన కొందఱిని న్యాయస్థానమునకుఁ బిలువఁగా, కార్ఖానాల పనివారును పని మాని వచ్చిరి. అభియోగములు నిలువలేదు. డిసెంబరులో పార్లమెంటు చిన్న ఇండ్ల అద్దెలను యుద్ధారంభమునాటి మట్టముననే యుంచుచుఁ జట్టము చేసెను.

యుద్ధానంతరము కట్టుబడి ఖర్చు పెరిగి, అద్దె పెరుగక, చిన్న ఇండ్లు కట్టు ధనికులు కఱవైరి. 1919లో ఆడిసన్ మంత్రి తెచ్చిన చట్టముతోను, దానికి జతగా స్కాట్లండునకుఁ జేసిన చట్టముతోను, పురపాలక సంఘములు సర్కారు ధనసహాయమున ఇండ్లు కట్టసాగెను. గ్లాస్గోలోని మోస్‌పార్కు ఇండ్లు తోటలతో ముచ్చటగా నుండెను. కాని వాని అద్దె గుమాస్తాల కందెనేగాని కూలివాని కందలేదు. గోడలకు ధనమిచ్చినవారు కాపురమును మఱచిరి. మురికిపేటలను దొలఁగించుటకై వచ్చిన 1930 నాటి చట్టములలోఁగాని, పేద కుటుంబమునకు అద్దె తగ్గించి యిచ్చుమాట స్పష్టముగాఁ గానరాదు.